యాభై సీట్ల బండి

డాక్టరమ్మ కాగితం మీద గుండె బొమ్మ గీసింది.
తోతాపురి మామిడికాయ గీసినట్టే ఉండాది.
మూడు చోట్ల అడ్డంగా గీట్లు పెట్టి
ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అనింది.
బైపాస్ అంటే నాకు కొత్తా?
ఇరవై ఆరేండ్లు ఘాట్‌లో బండి తోలినోణ్ణి.
రేణిగుంట కాడ జామ్ అయితే యా సందులో దూరాలో
కొత్త డ్రైవర్లు నాకే ఫోన్ కొడతారు.

"మామూలోళ్లకయితే నూటికి ఇద్దరు.
మీకు కిడ్నీలు పని చెయ్యవు గదా,
పది, పన్నెండు అనుకోండి."
నూరు నా తలకెక్కదు.
నాకు తెలిసిన లెక్క యాభై సీట్లు.
యాభై మంది ఎక్కితే
ఆరుగురు కొండ దిగరు.

రేయంతా అద్దంలో చూస్తా ఉండా.
గుండుకు గంధం పూసుకున్న పిల్లోడు,
లడ్డు సంచి ఒళ్లో పెట్టుకోని తూగే ముసిలామె,
కిటికీలోంచి వాంతి చేసుకునే కొత్త పెండ్లికూతురు.
యా ఆరుగురు?
కండక్టర్ మునిరత్నం మిషన్లో
ఆ టికెట్టు రాదు.

సోమ, బుధ, శుక్రవారాలు డయాలసిస్‌లో పడుకుంటా.
కొండకు ఎక్కే దోవ ఒకటి, దిగే దోవ ఒకటి.
ఎడమ చేతిలో రెండు సూదులూ అంతే.
ఆ చెయ్యి చెవికాడ పెట్టుకుంటే గుయ్యిమని మోత,
రెండో గేర్లో మలుపు ఎక్కతా ఉన్నట్టు.
దొరసాని మొదట్లో బెదిరిపోయేది.
ఇప్పుడు నిద్రలో దాని మీద చెయ్యేసి చూసుకుంటాది,
ఇంజను ఆగలేదు గదా అని.

ఆ చెయ్యితోనే వచ్చింది తంటా.
రొమ్ము లోపలి మంచి నాళం గుండెకు కుట్టాలంట.
అది గూడా ఎడమ పక్కదే.
మిషను కోసం పెంచిన చెయ్యి
గుండె నోటికాడి ముద్ద లాక్కునేదానికి లేకపోలేదంట.
నా చెయ్యే. నా గుండెదే.
నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ నవ్వలేదు.

నాళాలకు సున్నం పట్టిందంట,
మా ఇంట్లో బోరునీళ్లు కాచే గిన్నెకు పట్టినట్టు.
కుట్టు దిగకపోవచ్చు. నెత్తురు ఆగకపోవచ్చు.
చీము పట్టొచ్చు.
తెల్లారి మళ్లా మిషను పెడితే
బీపీ లోయలోకి జారొచ్చు.
కోసిన రొమ్మెముక అతికేదానికి నెలలు.
"పుత్తూరు కట్టు కట్టిస్తే?" అనింది దొరసాని.
ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

"చెయ్యకపోతే?" అన్నా నేను.
డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది, మళ్లా తీసింది.
"ఆ లెక్క నాకాడ లేదు" అనింది.

చంద్రగిరి టీచరమ్మ చేయించుకోని తిరిగి రాలేదు.
ఆమె మంచం మీద శుక్రవారానికే ఇంకెవరో.
నగరి నేతగాడు ఏకాంబరం గూడా పోయినాడనే అనుకున్నాం.
నెలకు వచ్చినాడు,
దిండు రొమ్ముకు అదుముకోని, అంగుళం అంగుళం నడస్తా.
"దగ్గొచ్చిందంటే దిండు గట్టిగా పట్టుకో,
మిగతాది వాళ్లు చూసుకుంటారు" అని
నాకు ఆ దిండే ఇచ్చిపోయినాడు.
పూల గలేబు. ఒక మూల పసుపు మరక.

సంతకం పెట్టేసినా.
సాయంత్రం వార్డుబాయి రొమ్ము మీద వెంట్రుకలు గీసిపోయినాడు.
"తలనీలాలు ఈడనే ఇచ్చేసినా" అంటే
దొరసాని కసిరి, మొగం అటు తిప్పుకునింది.

రేపు నేను తోలేవాణ్ణి కాదు.
ఎక్కి కూచునేవాణ్ణి.
ఇన్నేండ్లలో ఒక్కరన్నా నన్నడిగినారా
రాత్రి నిద్రపోయినావా నాయనా అని?
పొద్దున ఆ డాక్టరమ్మను అడగాల.

రోజుకు లీటరు నీళ్లలో ఇంకా మూడు గుక్కలు బాకీ.
దొరసాని ఐసు ముక్క నాలిక మీద పెట్టి
కరిగేదాకా మాట్లాడద్దు అనింది.
కిటికీలో కొండ మీద ఘాట్ లైట్లు.
ఒకటి కదలతా ఉండాది,
దిగే దోవలో.
మలుపుకు ముందే బ్రేకు తొక్కేసినాడు.
కొత్తోడు మాదిరి ఉండాడు.