కింది పూత

గుణుపురం హాస్టల్ నుంచి మేనకోడలు ఫోన్ చేసింది.
"అత్తా, కళంటే నీకు ఏటి? బేగి చెప్పు,
రెండొందల మాటలు రేపటికల్లా ఇచ్చీవాల."
అప్పుడే టీకాల పెట్టె కడిగి
ఎండలో బోర్లించాను.
ఇరవై రెండేళ్లుగా కొండలెక్కి సూదులేసేదాన్ని,
నన్నడుగుతుందేమిటి అని నవ్వాను గాని
ఫోన్ పెట్టేశాక చేతులకి ఏదో అంటుకుని ఉంది,
టర్పెంటైన్ వాసన లాంటిది.

పర్లాకిమిడి పాత బస్టాండు ఎదురుగా
మా నాన్న రాసిన రేకు బోర్డు ఒకటుంది.
మొదట తెలుగులో రాశాడు: పైడితల్లి కిరాణా.
కొట్టు చేతులు మారాక
దాని మీదే తెల్లరంగు కొట్టి ఒరియాలో రాశాడు.
ఒరియా చదవడం ఆయనకి రాదు.
ఎవరో రాసిచ్చిన చీటీ పళ్ల మధ్య పట్టుకుని
ఒక్కో అక్షరాన్నీ పిట్టని చూసినట్టు చూసి దించేవాడు.
"రెండూ గుండ్రాలేనే పిల్లా,
వాళ్లది గొడుగేసుకుంటాది,
మనది తలకట్టు కట్టుకుంటాది. అంతే."

ఈ మధ్య వానలకి పైపూత పొట్టు లేస్తోంది.
గొడుగు కిందనుంచి తలకట్టు తొంగిచూస్తోంది.
ఫ్లెక్సీ వేయించేస్తానంటాడు కొట్టు కుర్రాడు,
నెలకో మాట చెప్పి ఊరుకుంటాడు.
డ్యూటీకి పోతూ బస్సు కిటికీలోంచి
నాన్న ఎంతవరకు బయటపడ్డాడో చూసుకుంటాను.
"పై" వచ్చింది. "డి" వచ్చింది. "త" సగం.

అలమారలో కొమ్ము కొంగ ఒకటి.
బోర్డు రాసిన డబ్బుకి బదులు
దైతారి మహారణా ఇచ్చాడు.
ఆయన కొమ్ముని నిప్పు మీద మెత్తబరుస్తుంటే
వీధి వీధంతా వెంట్రుకలు కాలిన కంపు.
"బియ్యం తెమ్మంటే కొంగని తెచ్చేడు" అని
అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే తిట్టింది.
ఆ రాత్రి ఏం తిన్నామో గుర్తులేదు.
ఎగురుతుందేమోనని మేడ మీంచి వదిలింది నేనే,
ఏడేళ్లప్పుడు. ఒక కాలు పోయింది.
పోయాకే అది కొంగలా నిలబడింది.

ఇంకొకటి ఉంది, అది నాది కాదు.
గుమ్మ దాటి, జీపు ఆగిపోయే చోటునుంచి రెండు గంటల నడక.
బాలింత ఉన్న ఇంట్లో, చీకట్లో,
ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపు:
చెట్టు నిండా కోతులు, కల్లుకుండలు, ఏనుగు మీద దొర,
మధ్యలో ఒక బస్సు,
అంత పెద్ద బస్సులోనూ ఒక్కడే మనిషి.
టార్చి వేసి "ఎంత బాగుందో" అన్నాను.
గీసిన ముసలాయన, బుధియా గమాంగ్,
నా మణికట్టు పట్టుకుని వెలుగుని మెల్లగా నేలకి దించాడు.
"చూడ్డానికి కాదమ్మా, ఉండడానికి.
తమ్ముడికి బస్సెక్కాలని ఉండేది, ఎక్కకుండానే పోయాడు.
కలలోకొచ్చి అడిగితే వేసిచ్చాను.
లోపలున్నాడు. కళ్లలో కొట్టకు."

ఎవరికి క్షమాపణ చెప్పాలో తెలియక
బస్సు వైపే కాసేపు తల దించుకుని నిలబడ్డాను.
పొగకి నల్లబడితే? అని అడిగాను, వెళ్లేముందు.
"మళ్లీ అడుగుతాడు. మళ్లీ వేస్తాను."
బాగుంది అనే మాట
ఆరోజు నుంచి నాకు నోట్లో సరిగ్గా తిరగదు.

తిరుగు ప్రయాణంలో వాన.
బస్సులో నేనొక్కదాన్నే మిగిలాను.
బస్టాండు మలుపులో టార్చి తీయబోయి
తీయలేదు.

రాత్రి మేనకోడలికి రాసిన జవాబు
రెండొందల మాటలు కాలేదు:
"నాకు తెలీదే తల్లీ. సెలవులకి రా.
పాత బస్టాండు దగ్గరే దిగు, ఎదురుగా చూడు,
నీ తాత కూడా చదవలేనిది పైన ఉంటుంది, దాన్ని వదిలేయకు,
అదీ ఆయన చెయ్యే.
నువ్వొచ్చేసరికి 'త' పూర్తవుతుంది.
'ల్లి'కి ఇంకో రెండు వానలు పట్టొచ్చు."