అరుగుదల

మల్లేపల్లి చౌరస్తాల, చినిగిన ఫ్లెక్సీ కింది నీడల
ముందరి గాన్లు రెండూ పీకి
సర్వీ మొద్దుల మీద కూసోబెట్టిండు జహంగీర్
నా చిన్న ట్రాక్టర్‌ని.
బత్తాయి కొమ్మ ఎంత వంగితే అంత వంగి
ఒక్క కాయ రాల్చకుండ దూరిపోయే బండి,
ఇయ్యాల మోకాళ్ల కింద కట్టెలు పెట్టించుకున్న కోడె.

నెల సంది స్టీరింగ్ వణుకుతనే ఉన్నది.
మందు కొట్టవోతే సాలు తప్పి చెట్టు మీదికి పోతుండె.
నా చేతులే అనుకున్న,
యాభై దాటినయి కద.

గాను ఇప్పకముందు దాన్ని
మీదొక చెయ్యి, కిందొక చెయ్యి పట్టి ఊపిండు.
కట్. కట్.
"ఇన్నవా?"
ఇన్న.
"టైరు సూడు. లోపటి అంచు బోడిగుండు,
బయటి అంచు పెండ్లికొడుకు."

రాత్రంత డీజిల్ల నానినంక
ఇత్తడి కడ్డీ ఆనిచ్చి పెద్ద సుత్తెతోటి ఏడు దెబ్బలు.
ఎనిమిదోదానికి ఎడమ దిక్కు కింగ్‌పిన్ను
మూలిగి కిందవడ్డది.
గుండ్రంగ పుట్టిన ఇనుము.
ఏండ్లకేండ్లు కొడవలి నూరిన సానరాయి లెక్క
ఒక్క దిక్కే గుంటవడ్డది.
బుష్షు అసలు లేనే లేదు,
గోటికంటిన పసుపంత ఇత్తడి పొడి.

అరిచేతుల పెట్టుకొని
జాతకం సూసినట్టు అటు ఇటు తిప్పి సూసిండు:
"బండి నిలబెట్టి స్టీరింగ్ తిప్పుతవ్ నువ్వు.
ఆడ జాగ లేదా?"

జాగ ఉండె.
మా తాత నాలుగు గజాలు, బిచ్చాలు తాత నాలుగు గజాలు
గట్టు కాడ విడిచిపెట్టిన్రు
ఎవలి అరకైనా మలుపుకునేటందుకు.
తొమ్మిదేండ్ల కింద సర్వేయర్ గొలుసు గుంజిండు.
ఎనిమిది గజాలు రెండు నాలుగులైనయి.
నడుమ కడీలు లేచినయి, ముప్పై ఆరు.
లెక్క నాకెట్ల తెలుసంటే
సగం పైసలు నేనే కట్టిన.

"జాగ జర తక్కువుంటది" అన్న.

గ్రీజు నిప్పల్ల కుమ్మరి పురుగు
మట్టి ఇల్లు కట్టుకున్నది.
పుల్లతోటి గెలికి, నా మొకం సూసి
"ఎన్నడు కొట్టినవ్ గ్రీజు?" అన్నడు.
గన్ను నేను, బిచ్చాలు చెరి సగం ఏసుకొని కొన్నం.
ఒక ఎండకాలం ఆయన తీసుకపోయిండు.
ఆ వానకాలమే గొలుసు వచ్చింది.
అడిగితే ఇచ్చేటోడే.
అడిగితే కద.

మధ్యాహ్నం మోనాచారి లేతు మీద
గన్‌మెటల్ ముక్క తిరుగుతుంటె
బంగారు పొట్టు సుట్టలు సుట్టలుగ రాలింది.
కొత్త పిన్ను దూర్చి, తీసి, గీకి, మళ్ల దూర్చి
"మరీ బిగిస్తే గ్రీజు సొరదు.
మరీ వదిలితే కొట్టుకసస్తయి.
ఎంటికంత సందు ఉంచాలె" అన్నడు,
నాకు కాదు, పక్కన నిలవడ్డ పోరనికి.
ఆ పోరడు ఫోన్ సూస్తుండు.
ఇన్నది నేనే.

పిన్నులు రెండు, బుష్షులు నాలుగు,
సీళ్లు, బేరింగులు, కూలి:
ఆరువేల నాలుగొందలు.
నాలుగొందలు విడువమంటే యాభై విడిచిండు.
"నడుస్తుంటెనే తిప్పు, నిలబెట్టి తిప్పకు"
అని చెయ్యి తుడుసుకున్నడు.

గుర్రంపోడు దాక ఒక్క ఏలుతోటి తోలిన.
తోటల దిగి, మొదటి సాలు పోయి
కడీల కాడికి రాంగనే
అలవాటుల కాలు క్లచ్చు మీద పడ్డది.
బండి నిలవడ్డది.
తిప్పాలె. తిప్పలే.
ఇంజను బందు చేసిన.

కడీల అవుతల బిచ్చాలు
తన బండి మలుపుతుండు
నాలుగు గజాలల్ల,
ముందుకు రెండు జానలు, ఎన్కకు రెండు జానలు.

కట్. కట్.

గ్రీజు గన్ను ఆయన కాడనే ఉన్నది కద,
ఎందుకు కొట్టుకోలే?