పదకొండో నిమిషం

ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల
పాత ప్రెషర్ కుక్కర్లకూ ముళ్లు లేని గోడగడియారాలకూ నడుమ
రెండువేల రెండొందలకు దొరికింది ఆంప్లిఫయరు.
పదిహేను కిలోలుంటది.
ఇంటిదాక ఆటోల ఒళ్లెనే పెట్టుకున్న,
ఎవరి పిల్లనో ఎత్తుకొస్తున్నట్టు.

మొదటిరోజు నుంచే అదే కథ.
పాట మంచిగ అందుకుంటది,
తబలా గోడల మీద నడుస్తది,
పదకొండో నిమిషంల
లోపల ఎవరో చిటికేసినట్టు
టక్.
పచ్చలైటు వెలుగుతనే ఉంటది,
గొంతు మాత్రం ఉండదు.

"అచ్చం నీ లెక్కనే" అన్నది సుభాషిణి
బియ్యంల రాళ్లేరుకుంట.
నేనేమీ అనలే.
అనకపోవుడే ఆమె చెప్పేది.

ఎడమ స్పీకరు వైరు కుడికి మార్చిన, కుడిది ఎడమకు.
టక్.
రెండూ పీకేసి ఉత్తగ నడిపిన.
వినేందుకేమీ లేకున్నా, సరిగ్గ టైముకు, టక్.
వెనక బిగింపుల కాడ
వెంట్రుకంత రాగిపోగు పక్కదానికి తగులుతుంటే
దొంగ దొరికిండని కత్తిరించిన,
సుభాషిణిని పిలిచి మరీ చూపిచ్చిన.
ఇద్దరం నిలబడి విన్నం పది నిమిషాలు.
పదకొండోది ఆమె వంటింట్లకెళ్లే విన్నది.

మా వారాసిగూడల నల్లా రోజు విడిచి రోజు.
నీళ్లొచ్చినయంటే బిల్డింగుల ఐదు మోటర్లు ఒక్కసారే మొత్తుకుంటయి,
బల్బులు పసుపునీళ్ల రంగుకు దిగుతయి.
అదే అయ్యుంటదని
పాల లెక్క రాసే క్యాలెండరు మీదనే టైములు రాసిన.
మంగళవారం: మోటర్లున్నయి, ఆగింది.
బుధవారం: మోటర్లు లేవు, ఆగింది.
గురువారం: కరెంటే లేదు.
స్టెబిలైజరుకు పద్దెనిమిది వందలు, దండగ.

శుక్రవారం ఉక్కపోతకు
సుభాషిణి టేబుల్ ఫ్యాను తన దిక్కు తిప్పుకుంటే
గాలి దానికి కూడ తగిలిందేమో,
ఇరవై నిమిషాలు పాడింది.

కోఠి గుజరాతీ గల్లీల మెట్ల కింద దుకాణం.
సలావుద్దీన్ చాచా మూత విప్పి మొదలు వాసన చూసిండు.
"కాలలేదు."
చెక్కపుల్లతోని, పసిపిల్ల చెవిల గుబిలి తీసినంత మెల్లగ,
ఒక్కో టంకాన్ని తట్టుకుంట పోయిండు.
"ఇది ఖరాబ్ కాలే బేటా.
లోపల ఏదో తేడా అనిపిస్తే చాలు,
స్పీకరు పాడుగావద్దని తనే నోరు మూసుకుంటది."
వందల టంకాల నడుమ ఒక్కటి,
భూతద్దంల చూపిచ్చిండు,
కాలు చుట్టూ ఉంగరం లెక్క సన్నటి పగులు.
"వేడెక్కితే విడిపోతది. చల్లారితే మల్ల అంటుకుంటది.
చల్లగున్నప్పుడు మీటరు పెట్టి చూస్తే
అంత మంచిగనే ఉన్నదంటది."

పాత టంకం పీల్చి కొత్త చుక్క పెట్టిండు.
నేను ఊదబోతే చెయ్యి అడ్డం పెట్టిండు,
దానంతట అది ఆరాల్నట.
నూట యాభై. చాయ్ పైసలు నన్ను ఇయ్యనీయలే.

సాయంత్రం సుభాషిణికి చెప్పుకుంట వచ్చిన
వాసన సంగతి, పుల్ల సంగతి, పగులు సంగతి.
వేడెక్కితే అన్న కాడికొచ్చి
ఆగిపోయిన.
"ఆగినవ్ చూడు మల్ల" అన్నది.
పళ్లెం పక్కకు పెట్టి
"ఊఁ, చెప్పు" అన్నది.

తొమ్మిది. పది.
చెవులు రిక్కించుకొని కూసున్నం ఇద్దరం,
పాట కోసం కాదు.
పదకొండు.
పన్నెండు.
ఈ క్యాసెట్టుల మూడో పాట ఆడమనిషి పాడిందని
ఇప్పటిదాక మాకు తెల్వదు.

కింద నల్లా వచ్చింది.
బల్బు దిగింది, పాట దిగలే.
నాలుగు మోటర్లు మొత్తుకుంటున్నయి.
ఐదోది మాది.