ఏడో పందిరి, ఆకు అడుగున

పైనుంచి చూడకు, నెకేసా.
పైన అంతా పచ్చగానే ఉంటుంది,
ఆఫీసువాళ్ళ పుస్తకంలో లాగా.
తిప్పు.
ఈనె పక్కన, ఎవరో సూదిమొనతో పొడిచినట్టు
సన్నటి తెల్ల చుక్కలు. కనిపించాయా?
గులాబీ మనతో అనే మొదటి మాట అదే.
ఆకు పాలిపోవడం రెండో మాట.
సాలెగూడు కట్టాక ఇక మాటలుండవు.

భూతద్దం కంటికి ఆనించు.
ఆకునే నీ దగ్గరికి తెచ్చుకో.
ఊపిరి బిగపట్టు, అద్దం మసకేస్తుంది.
అదిగో, ఉప్పురవ్వంత ఒళ్ళు,
వీపుకి అటూ ఇటూ మసి మచ్చలు,
తొందర లేని నడక.
ఎర్రనల్లి.
పేరుకే ఎర్ర. ఈ నైవాషా ఎండలో
నీళ్ళు కలిపిన టీ రంగులో ఉంటుంది.

వచ్చిన కొత్తలో
కదిలిందల్లా పురుగే నాకు.
బొటనవేలితో నులిమేదాన్ని.
ఒకరోజు ముసలి ఒంగేరి నా వేలు పట్టుకుని
గోటి మీది మరక చూపించాడు.
"కెముంటో, చంపావే మన కూలిమనిషిని!"

నారింజరసం బొట్టులా నున్నగా ఉంటుంది చూడు,
నిలకడ లేకుండా ఉరుకుతూ, అదీ మనది.
నల్లిని తినే నల్లి.
బజారులో పరుగెత్తేవాడు దొంగ,
తీరిగ్గా నడిచేవాడు కాపలా.
ఇక్కడ తలకిందులు.
గుడ్లకీ తేడా ఉంది: గుండ్రటివి దానివి,
కోలగా, రెండింతలుంటే మనవాళ్ళవి.

మనవాళ్ళు సీసాల్లో వస్తారు, పొట్టులో కలిసి.
సీసాని పడుకోబెట్టి మెల్లగా దొర్లించు.
నిలబెట్టావో, అందరూ మూతి దగ్గరే గుమిగూడతారు,
జీతాల రోజు మనలాగే.
కూరలో ఉప్పు చల్లినట్టు చల్లు,
నల్లి ఉన్నచోట ఒక చిటికెడు ఎక్కువ.

నీలం అట్ట తామరపురుగులకి, పసుపు అట్ట తెల్లదోమకి,
అవి వారానికోసారి చూస్తే చాలు.
నల్లికి అట్టల్లేవు. దానికి రెక్కల్లేవు కదా.
మన కళ్ళే.

పోయిన ఫిబ్రవరి సంగతి చెప్పలేదు కదూ నీకు.
ప్రేమికుల రోజుకి విమానాలెక్కాలి పూలు,
ఒక్క చుక్క కూడా కనపడకూడదన్నారు.
"ఆగండి, మనవాళ్ళు పెరుగుతున్నారు" అని
ఏడో పందిరి కాగితం మీద రాశాను,
కింద, చిన్న గడిలో,
పెన్సిలుతో.
రాత్రికి రాత్రి మందు కొట్టారు.

మూడు రోజులు అద్దంలో ఏమీ కదల్లేదు.
ఉరికేవాళ్ళు ముందు చచ్చారు.
గుడ్లలో దాక్కున్నవి లేచి
అడిగేవాడు లేని ఇంట్లో కాపురం పెట్టాయి.
పన్నెండో రోజు మొగ్గకీ మొగ్గకీ మధ్య తెల్లటి ముసుగు,
దాని మీద లక్షల్లో నడక.
పద్నాలుగు వరసలు కొడవలితో కోసి
సంచుల్లో కట్టి కాల్చాం.
ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. అదే నాకు నచ్చలేదు.

మా కీసీ కొండల్లో అమ్మమ్మ
పైరెత్రం పూలు కోసేది,
తెల్లటి రేకలు, పురుగుని పడగొట్టే పూలు.
సాయంత్రానికి నాలుక మొద్దుబారిందనేది.
పువ్వు పురుగుని చంపడం అక్కడ చూశాను.
పువ్వు కోసం పురుగుని బతికించడం
ఇక్కడికొచ్చాకే.

నా గది ముందు నూనెడబ్బాలో సుకుమా మొక్కలున్నాయి.
వాటికి పేనుబంక పట్టింది, చీమలు కాపలా.
సబ్బునీళ్ళు కలిపాను మొన్న.
అంతలో ఒక అక్షింతల పురుగు వాలింది.
నీళ్ళు పక్కన పెట్టి, టీ తాగుతూ కూర్చున్నాను.
దానికి ఆకలి ఎక్కువ, నాకు తీరిక ఉంది.
రెండు ఆకులు పోతే పోనీ.

కోతలకాలంలో పుట్టినందుకే
నీకా పేరు పెట్టారన్నావు కదా.
పద, లెక్కపెట్టు.
ఆకుకి పదకొండా?
మళ్ళీ చూడు, ఆ మూలన ఒకటి ఉరుకుతోంది,
దాన్ని వేరే వరసలో రాయి.
ఆ తర్వాత కింద, చిన్న గడి ఉంది చూడు,
నీకేమనిపించిందో అక్కడ.
పెన్సిలు కాదు.
ఇదిగో, నా పెన్ను.