ట్యూబు చుట్టిన బ్రష్షు

పొద్దున ఆరున్నర. మంచం పక్కన స్టీలు గిన్నె,
నా భుజాన తుండుగుడ్డ.
వీపు వెనక రెండు దిండ్లు, మెడ కింద నా మోచెయ్యి.
"ఆ అను" అంటాను.
అంటాడు భార్గవ,
దవడ ఎంతవరకు వస్తే అంతవరకు.

మాది కనిగిరి పక్క పల్లె.
బోరు నీళ్లు తాగిన పళ్లు మావి,
తుప్పు పట్టిన రేకు తలుపులు.
ఫొటోల్లో నోరు మూసుకునే నవ్వుతాం, నేనూ వాళ్ల నాయనా.
వీడివి మాత్రం తెల్లన.
పాలు మానినప్పటి నుంచీ క్యాను నీళ్లే పట్టాం.
నీళ్లలో ఉన్నది మరక పెట్టి చెప్పుద్ది.
నా నెత్తుట్లో ఉన్నది
వీడు మెట్ల మీద కూలబడిందాకా చెప్పలేదు.

నాలుగో తరగతి దాకా తనే తోముకున్నాడు.
తర్వాత మోచెయ్యి బల్లకి ఆనించి.
ఆ తర్వాత చెయ్యి లేవక
తలే వంగి బ్రష్షు దగ్గరికి వచ్చేది.
వాళ్ల నాయన పంక్చర్ షాపులో పాత ట్యూబు కోసి
పిడికి చుట్టాడు, లావుగా, జారకుండా.
ఎనిమిది నెలలు పనికొచ్చింది.
ఇప్పుడా లావు పిడి నా చేతిలో.

పళ్ల డాక్టరమ్మది మేడ మీద. పద్దెనిమిది మెట్లు.
మొదటిసారి వాళ్ల నాయన వీపున మోశాడు.
రెండోసారి ఆమే దిగొచ్చి
ఆటో పక్కన మోకాళ్ల మీద కూర్చుని
సెల్లు లైటుతో చూసింది.
"పడుకోబెట్టి తోమొద్దు, పొలమారుద్ది.
తిన్నాక బుగ్గలో వేలు పెట్టి చూడు,
వాడి నాలుక అక్కడిదాకా పోదు."

చూస్తాను.
ఒకరోజు ఇడ్లీ ముక్క.
ఒకరోజు, మింగేశానన్న మాత్ర.

మా తమ్ముడు మాల్కొండయ్యకీ ఇట్టాగే.
జబ్బుకి పేరుంటదని అప్పుడు తెలీదు.
సంకటి పెడితే మొహం తిప్పేవాడు.
పొగరనుకున్నాం, అమ్మ ఒకసారి కొట్టింది కూడా.
వాడు పోయిన రోజు తులసి నీళ్లు పోద్దామని నోరు తెరిస్తే
వెనక పన్ను నల్లగా, చిగురు దాకా గుల్ల.
"ఆ అను" అని
ఇంట్లో ఒక్కరం అడగలేదు.

"చాల్లేమ్మా, ఎంతసేపు" అంటాడు వీడు నురగలోంచి.
తోమడం అయ్యాక కావాలనే నా వేలు కొరుకుతాడు.
"అబ్బా" అంటాను.
నవ్వుతాడు.

ఇయ్యాళ కాస్త మెత్తగా కొరికాడు.
నేను మాత్రం
నిన్నటంత గట్టిగానే అన్నాను.