సరి, బేసి

రాత్రి పదకొండు. కాజీపేటల బొగ్గుబండి పోతుంటే
బల్ల మీది అద్దం వణుకుతది.
ఆ వణుకు తగ్గేదాక ఆగుత.
మంచిర్యాలల ఓదెలు, బోధన్‌ల నుజత్, ఇక్కడ నేను.
మూడు గదులు. ఫోన్ లైన్ మాత్రం ఒక్కటే.

పొద్దుమూకినప్పుడు పంచుకున్నయి ఐదు వందల పన్నెండు.
ఒక్కోటి మూడు కొసల ముడి,
కొస ఒకటి నా దగ్గర, ఒకటి వాని దగ్గర, ఒకటి ఆమె దగ్గర.
ముడి ఎక్కడున్నదంటే చూపలేను.
నన్ను పక్కన పెట్టి వాళ్ళిద్దరి మధ్యల వెతికితే
పోగు కూడ దొరకదు.
ముగ్గురం ఉంటేనే ఉన్నది.

అన్నీ ఎంతో కొంత చెడినయే.
ఎండకు కొన్ని, తీగ పొడుగుకు కొన్ని.
ఏది ఎంత చెడ్డదో మొఖం చూస్తే తెల్వది.

చిన్నప్పుడు ఎనుమాముల మార్కెట్ల చూసిన:
సేటు బస్తాల చెయ్యి పెట్టి ఒక మిరపకాయ తీసి
ఇరుస్తడు, గింజ రాలుస్తడు, వాసన చూస్తడు.
ఇరిగిన కాయ మల్ల బస్తాలకు పోదు.
మాది గదే పని.
రెండు ముడులు పక్కపక్కన పెట్టి
ఒకదాని మచ్చ ఇంకోదానికి అంటిస్తం,
అంటినదాన్ని ఇరిచి చూస్తం,
ఎవరి గదిల వాళ్ళం.

"సరి" అంటడు ఓదెలు.
"బేసి" అంటది నుజత్.
నాదీ బేసే.
బేసిలు రెండు. లెక్క కుదిరింది, ఉంచుకోండ్రి.
మల్లొకటి: సరి, సరి, బేసి.
రెండూ పారెయ్యాలె, ఇరిచినదీ, ఇరవనిదీ.

అమ్మమ్మ గుప్పిట్ల చింతగింజలు పట్టి
సరా బేసా అని అడిగేది.
ఓడితే గింజలు పోయేటివి, అంతే.
గెలిచినా పోతయని ఇక్కడికొచ్చినంక నేర్చుకున్న.

మాటలతోని కొత్త ముడి పుట్టదని
నుజత్ రోజూ యాది చేస్తది.
తెల్లార్లు మాట్లాడుకున్నా లేనిదాన్ని తేలేం.
పలచగ ఉన్నదాన్ని
చిక్కగ చేసుకునుడే.

ఒంటిగంటకు నూటపది.
రెండున్నరకు పంతొమ్మిది.
మధ్యల ఓదెలు నిద్రకు తూలి
సరి అనబోయి బేసి అన్నడు,
మంచియి రెండు పారేసినం.
ఎవ్వరం ఏమనలే.

నాలుగింటికి ఒక్కటి మిగిలింది.
ఇది మంచిదేనా?
అడగాలంటే ఇరవాలె.
పక్కన పెట్టి చూసేందుకు ఇంకో జత లేదు.
బొగ్గుబండ్లు, మూడు ఊర్ల ఎండ, మా తప్పులు
అన్నీ పోంగ మిగిలినదాన్ని
చూడకుంటనే నమ్మాలె.

ఫోన్ల చానసేపు మూడు ఫ్యాన్ల చప్పుడు.
"ఉంచుదమా?" అన్న.
"సరి," అన్నది నుజత్.
లెక్క చెప్పిందో, ఒప్పుకున్నదో,
పెట్టేస్తున్ననన్నదో.
నేనింకా లైన్లనే ఉన్న.