తాలు

శాంపిల్ నంబర్ నూట పద్దెనిమిది.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ సరుకు.
గోతాం పైనుంచి కొంత, నడుమనుంచి కొంత, అడుగునుంచి కొంత తీశాం.
చెడు ఎప్పుడూ ఒకే చోట పడుకోదు.

మిక్సీ మూత తియ్యగానే ఇద్దరం తుమ్ముతాం,
పదకొండేళ్లుగా.
అలవాటైపోతుందన్న వాళ్లెవరూ
ఈ గదిలో పనిచెయ్యలేదు.

మిథనాల్ పోసి, కుదిపి, వడగడితే
చుక్కచుక్కగా దిగేది ఎరుపు కాదు,
పల్చటి నారింజ నీళ్లు.
ఉంటే, ఇందులోనే ఉండాలి.

మేం వెతికేది కారాన్ని కాదు.
కారానికి గొంతుంది, నాలిక మీద కాలు పెట్టగానే అరుస్తుంది.
ఇది నోరులేనిది.
వాసన లేదు, రుచి లేదు,
పోపులో మాడదు, పులుసులో ఉడికి చావదు.
కళ్లంలో కాయలు ఆరబోసిన రాత్రి
పట్టా కప్పేలోపు నాలుగు చినుకులు పడితే చాలు,
తొడిమ మొదట్లో పచ్చటి బూజు, నూగులాగా.
బూజు దులిపితే రాలిపోతుంది.
అది వదిలిపెట్టింది రాలదు,
ఎవరి కాలేయంలోనో
అద్దె కట్టకుండా కాపురం పెడుతుంది.

"గుంటూరులో ఘాటు లేనిది ఇదొక్కటేనయ్యా,"
అంటారు మా రుక్మాంగదరావు సారు.
నవ్వి, లైటు ఆర్పమంటారు.

చీకట్లో అతినీలలోహిత దీపం కింద
పలక మీద చుక్కలు వెలుగుతాయి,
నీలంగా, ఒకటీ అరా ఆకుపచ్చగా.
ఎంత అందంగా ఉంటాయో చెప్పాలంటే సిగ్గేస్తుంది.

వంద కోట్ల పాళ్లలో ఎన్ని పాళ్లు? అదీ మా లెక్క.
మా వీధి సామ్రాజ్యానికి చెప్పబోయి తడబడ్డాను.
తొడిమలు తీస్తుంది యార్డు దగ్గర, కిలోకి ఇంతని.
రాత్రిళ్లు వేళ్లు మజ్జిగలో ముంచి కూర్చుంటుంది.
"వంద కోట్లు నేనెప్పుడు సూశాను? మనుషులకి తెలిసేట్టు చెప్పు."
"పది టన్నుల లారీ కాయల్లో చిటికెడు ఉప్పంత.
అది దాటితే ఓడ ఎక్కనివ్వరు."
ఆలోచించింది.
"కూరలో చాల్లేదని తెలిసేది
ఆ చిటికెడేగా!"

అప్పుడు చెప్పింది,
కాయలు ఏరేటప్పుడు రెండు కుప్పలు పోస్తారట.
ఎర్రవి ఓడకి.
తెల్లబడ్డవి, మచ్చలవి, తాలు,
సగం ధరకి ఒడికి.
పదహారేళ్లుగా వాళ్లింట్లో కారం అదే.
ఓడ వద్దన్న లారీ ఎటు తిరిగిపోతుందో
మా రిపోర్టులో రాయడానికి గడి లేదు.

మర్నాడు డబ్బా తెచ్చింది.
నంబర్ వెయ్యలేదు, ఫీజు కట్టించలేదు,
అందరూ వెళ్లాక దీపం వేశాను.

మర్నాడు సాయంత్రం డబ్బా కడిగి తిరిగిచ్చాను.
తేలిగ్గా ఉందని ఊపి చూసింది.
"కారం ఏదయ్యా?"
"పారేశాను."
"మొత్తమా?"

పరిమితికి నాలుగింతలుందని,
రిపోర్టు చదివినట్టు చదివాను.
వింటూ మూత తిప్పుతోంది, తీస్తోంది, తిప్పుతోంది.
"మంచిది కిలో ఎంతుంది ఇప్పుడు?"
నాకు తెలుసు. చెప్పలేదు.
అది మా యంత్రం చూపించే అంకె కాదు.

ఆ రాత్రి వాళ్లింట్లో కూర ఏ రంగులో ఉందో
అడగలేదు.
తెల్లారగానే మా వంటింట్లో కారం సీసా పట్టుకెళ్లాను.
సగం వొంపుకుంది, సగం నాకే ఉంచింది.
గుమ్మం దాటుతుంటే వెనకనుంచి అడిగింది,
"మీ ఇంటిది కూడా ఆ దీపం కింద పెట్టావా?"

పెట్టలేదు.